బావ బొటనవేలి ఫోటోలు

నా ఫోనులో మా ఆయన ముఖం కోసం వెతికితే దొరకదు. కుడికాలి బొటనవేలు మాత్రం ఎంత కావాలంటే అంత ఉంది. ఎదురుగా తీసినది, పక్క నుంచి తీసినది, కిటికీ వెలుగులో తీసినది, అరుగు మీద పొద్దుటెండలో తీసినది. మొన్న మా బడిలో తోటి టీచరు ఒకావిడ ఏదో ఫోటో చూడాలని నా ఫోను అందుకుని, వేలితో పక్కకి జరుపుతూ జరుపుతూ ఆగిపోయి, "ఇదేటి పిచ్చి మేడమ్ మీకు!" అంది. పిచ్చి కాదు తల్లీ, అదో చదువు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డాక నేర్చుకున్నాను.

అసలు నాకు ఫోటో తియ్యడం చేతకాదు. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు, మా చుట్టాలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి. మా పిన్ని కొడుకు పెళ్లిలో సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి ఫోటోగ్రాఫరు ఎక్కడికో మాయమైపోతే, ఎదురుగా కూర్చున్న పాపానికి నా చేతిలో ఫోను పెట్టారు. నేను తీసిన దాంట్లో పెళ్లికూతురికి నాలుగు కళ్లు వచ్చాయి. పెళ్లికొడుక్కి అసలు తలే రాలేదు. అప్పట్నించీ ఎక్కడైనా నేను ఫోను బయటికి తీస్తే చాలు, "నువ్వు కూకో పిన్నీ, మేం తీస్తాం" అని ఎవరో ఒకరు లాక్కుంటారు. నాకూ అదే హాయిగా ఉండేది.

అలాంటి నా చేతికి, మా ఆయన వేలు ఉండాలో పోవాలో తేల్చే పని పడింది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు బావే. కోటబొమ్మాళికి దగ్గర్లో మా ఊరు. ఆయనకి వరి చేను, నాకు చిన్నపిల్లల బడి, మా అత్తకి మా ఇద్దర్నీ తిట్టుకోవడం, ఎవరి పని వాళ్లకుంది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పొలంలోకి చెప్పులతో దిగరు. గట్టు మొదట్లో తాటిచెట్టు కింద చెప్పులు విడిచి, వంగి మట్టి ముట్టుకుని కళ్లకద్దుకుని, అప్పుడు అడుగు పెడతారు. భూదేవి మీద చెప్పుకాలు పెడతామా అంటుంది అత్త. కోతలకి వచ్చిన కూలీలు కూడా మా చేలో చెప్పులు విప్పాల్సిందే. లేకపోతే ఆవిడ గట్టు మీద నిలబడి తిట్టే తిట్లకి అవతలి ఊళ్లో కాకులు లేస్తాయి.

కోతలయ్యాక చేలో వరికొయ్యలు మిగులుతాయి. నాలుగు ఎండలు కాసేసరికి మేకుల్లా తయారవుతాయి. ఒకరోజు సాయంత్రం నేను గచ్చు తుడిచి బక్కెట్టు పెరట్లో పెట్టి వచ్చేసరికి, వీధి గుమ్మం దగ్గర్నించి వంటింటి దాకా ఎర్రటి మరకలు. "ఎవరి కాలిదిది?" అని అరిచాను. బావ మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తన కాళ్ల వంక చూసుకోకుండానే, "నాది కాదు" అన్నాడు. కుడికాలి బొటనవేలి పక్కన కొయ్య దిగి, లోపల విరిగి ఉంది. అది చేలోంచి నడుచుకుంటూ వచ్చింది ఆయనతో. ఆయనకి తెలీదు.

గుచ్చుకున్నందుకు కాదు, తెలియనందుకు నాకు ఒళ్లు చల్లబడింది. బావకీ షుగరుంది. మా నాన్నకి ఇలాగే మొదలైంది. షుగరు ముదిరి పాదాలకి స్పర్శ పోయింది. ముందు వేలు తీశారు, తరువాత పాదం తీశారు, ఆ తరువాత నాన్నే లేకుండా పోయాడు.

విశాఖపట్నంలో డాక్టరు చూసి, కొయ్యముక్క తీసి, కడిగి, మందులు రాశాడు. పెద్దవాడే, నవ్వుతూ మాట్లాడే మనిషి. మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటే మాత్రం మంచి కబురు కాదని అక్కడే అర్థమైంది. గొంతు సవరించుకుని, "వేలు నిలబెట్టడానికే చూద్దాం. మాటివ్వలేను" అన్నాడు. కాలు కింద పెట్టకూడదు. రోజూ కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, కొత్త కట్టు కట్టాలి. పుండు అంచు ఎర్రగా ఉంటే మంచిది, చీము పట్టి పచ్చబడినా, నల్లబడినా వెంటనే రావాలి. కాలు కింద పెట్టకూడని మనిషిని మాటిమాటికీ రైలెక్కించి తేవడం ఎలాగండీ అంటే, ఆయనే ఉపాయం చెప్పాడు. "రోజూ పొద్దున్న కట్టు విప్పగానే ఒక ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపండి. నేను చూసి చెప్తాను. అవసరమైతేనే రండి."

బావ నా వంక చూశాడు. "ఈవిడేటండి తీసేది?" అన్నాడు డాక్టరుతో. కాలు ఆ స్థితిలో ఉండి కూడా వేళాకోళమే.

పక్కింటి సిస్టరమ్మ కట్టు కట్టడం నేర్పింది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి వెళ్లొచ్చి అదే తెల్లచీరతో మా అరుగు మీద కూర్చుని, గాజుగుడ్డ ఎలా మడవాలో, పాత కట్టు తడిపి ఎలా తియ్యాలో చూపించింది. కట్టు నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఫోటో రాలేదు.

మొదటి ఫోటోకి డాక్టరు దగ్గర్నించి వచ్చిన జవాబు: "అమ్మా, ఇది పాదమా, చిలగడదుంపా?"

నిజంగానే అలాగే ఉంది. మళ్లీ తీశాను, ఈసారి రెండు చిలగడదుంపలు. బావ మంచం మీద వెనక్కి వాలి, "ఇటివ్వు, నానే తీసుకుంటాను" అన్నాడు. ఆయనకి పొట్ట అడ్డం, కాలు అందదు. "కాలు కదపకు బావా" అని కసిరితే, "కాలు నాది, సెయ్యి నీది. కదిలింది సెయ్యే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండితే చెయ్యి ఇంకా వణికింది.

అలా అని వదిలేస్తే కుదిరే పని కాదు కదా. నేను పంతులమ్మని. పిల్లవాడికి అక్షరం రాకపోతే ఎక్కడ తప్పుతున్నాడో వెతకడమే నాకు తెలిసిన పని. నన్ను నేనే ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకున్నాను.

మొట్టమొదటిది మరీ సిగ్గుచేటు. నా ఫోను ఎప్పుడూ వంటింట్లో పోపులడబ్బా పక్కనే పడి ఉంటుంది. వెనకాల ఆ చిన్న అద్దం మీద నూనెమరక పట్టి, దాని మీద నా వేలిముద్ర కూడా చక్కగా ఉంది. చీర చెంగుతో తుడిస్తే సగం మసక అక్కడే పోయింది. తరువాత వెలుగు. గదిలో పగలే చీకటిగా ఉంటుంది. చీకట్లో ఫోను చూడడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ కాస్తసేపట్లో మన చెయ్యి ఊరు తిరిగి వస్తుంది. అందుకని పొద్దున్నే మంచం అరుగు మీదికి మార్పించాను. దార్న పోయేవాళ్లందరూ ఆగి కాలు పరామర్శించి వెళ్లడం మొదలెట్టారు, అది వేరే బాధ.

చెయ్యి సంగతి బడిలో తెలిసింది. ఒక పిల్ల పలక మీద "అ" రాస్తోంది. చెయ్యి గాల్లో పెట్టి రాస్తుంటే అక్షరం గాలిపటంలా ఎటో పోతోంది. "మణికట్టు పలకకి ఆన్చు" అన్నాను, ఇన్నేళ్లుగా అందరికీ అంటున్నట్టే. అని ఆగిపోయాను. నేను ఫోను పట్టుకునేది కూడా గాల్లోనే. చేతులు రెండూ ముందుకి చాచి, ఎవరికో హారతి ఇస్తున్నట్టు. ఆ మర్నాడు మోచేతులు రెండూ డొక్కలకి ఆనించుకున్నాను. వంగి నిలబడకుండా పీట వేసుకుని కూర్చున్నాను. వడ్లు కొలిచే ఇత్తడి కుంచం బోర్లించి కాలి పక్కన పెట్టి, దాని మీద ఫోను అంచు ఆన్చాను. మా అత్త చూసి బుగ్గలు నొక్కుకుంది. "లచ్చింతల్లిని బోర్లిస్తావేటే!" అంది. ఖాళీ కుంచం బోర్లించకూడదట. ఆవిడ తృప్తికి గుప్పెడు వడ్లు పళ్లెంలో పోసి, దాని మీద బోర్లించాను. అప్పుడు లక్ష్మి కిందే ఉంది కనక ఊరుకుంది.

బొత్తాం నొక్కడం ఇంకొకటి. నేను కాలింగ్‌బెల్ నొక్కినట్టు బొటనవేలితో ఒక్క పోటు పొడిచేదాన్ని. ఆ పోటుకి ఫోను ఎగిరిపడేది. పక్కన సౌండు పెంచే మీట ఉంటుందే, దాన్ని మెల్లగా నొక్కినా ఫోటో పడుతుందని చూసుకున్నాను. సిస్టరమ్మ ఇంకో మాట చెప్పింది. "ఊపిరి బిగబట్టకమ్మా, బిగబడితే గుండె కొట్టుకున్నది సేతిలోకి వస్తాది. సన్నంగా వదుల్తా నొక్కు. నాను ఇంజక్షన్ అలాగే సేసేదాన్ని."

ఇన్ని చేశాక ఒక ఫోటో కుదిరింది. గోరు గోరులా, గీత గీతలా వచ్చింది. డాక్టరు ఏమీ అనకుండా బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పంపాడు. ఆ రోజు బడిలో పిల్లలందరికీ చేతి మీద నక్షత్రాలు వేశాను, కారణం చెప్పకుండా.

కాని అన్ని రోజులూ అలా కుదిరేవి కావు. అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు మసకబారేది. ఎందుకో నాకు లోపల తెలుసు. నేను పుండు వంక చూసేదాన్ని కాదు. కట్టు విప్పేటప్పుడు చెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, కళ్లు పక్కకి తిప్పుకుని, ఫోను ఆ వైపు పెట్టి మీట నొక్కేసి, సెలైన్ పోసేసి, కట్టేసేదాన్ని. చూస్తే మా నాన్న కాలు కనిపిస్తుందని భయం. చూడకుండా తీస్తే చెయ్యి ఎక్కడ నిలుస్తుంది? మనిషి ఒకవైపు, చెయ్యి ఒకవైపు.

అలా ఉండగా ఒక బుధవారం పొద్దున్న కట్టు విప్పాను. పక్కచూపుతోనే కనిపించింది. పుండు అంచంతా పచ్చగా ఉంది.

కుంచం, మోచేతులు, ఊపిరి ఏవీ గుర్తులేవు. ఫోను ఎలాగో పట్టుకుని, నొక్కి, పంపేశాను. బావ పేపరు చదువుతున్నట్టు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త కాస్త దూరంలో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ఎప్పుడూ లేనిది, నన్ను ఒక్క మాటా అనలేదు.

డాక్టరు జవాబు రాసి పంపాడు. "పచ్చగా కనిపిస్తోంది. చీములా ఉంది. అంచు సరిగ్గా తెలియడం లేదు. కదలకుండా ఇంకొకటి తీసి పంపండి. చీమే అయితే ఈ రోజే బయల్దేరి రండి. వేలు తియ్యాల్సి రావచ్చు."

ఆ ఆఖరి మాట దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడు నాకు వినిపించింది.

బావకి చెప్పలేదు. "ఇంకో ఫోటో కావాలంట" అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది, పంతులమ్మ గొంతు కదా, అలవాటు. వంటింట్లోకి వెళ్లి ముఖం మీద నీళ్లు చల్లుకున్నాను. అక్కడ నిలబడి నాలో నేను గట్టిగా అనుకున్నాను: చూడకుండా తీసినంతకాలం ఆయన వేలు నా భయం చేతిలో ఉంటుంది. చీమైతే చీమే. నా కళ్లతో చూసి, అది ఏదైతే అదే స్పష్టంగా పంపుతాను. తీసేస్తే తీసేస్తారు, కాని నా చెయ్యి వణికినందుకు మాత్రం తియ్యకూడదు.

అద్దం తుడిచాను. పళ్లెంలో వడ్లు పోసి కుంచం బోర్లించాను. పీట దగ్గరికి లాక్కుని, మోచేతులు ఆన్చుకుని, మొట్టమొదటిసారి ఆ పుండు వంక తిన్నగా చూశాను. ఊపిరి సన్నంగా వదులుతూ మీట నొక్కాను.

ఫోటో అద్దంలా వచ్చింది. పంపేముందు రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేశాను. చీము అలా ఉండదు. చీము తడిగా, జిగటగా ఉంటుంది. ఇది పొడిపొడిగా, రేణువులు రేణువులుగా ఉంది. చర్మం ముడతల్లో ఒత్తుకుని, గోరు మూలలో చేరి, గాజుగుడ్డ పోగు మీద కూడా ఉంది. మధ్యలో ఒకచోట రవ్వంత కుంకుమ కూడా ఉంది. చీములో కుంకుమ ఎక్కడిది? ముక్కు మీద నుంచి చెంగు విప్పి, వంగి వాసన చూశాను. మందు వాసన వెనకాల పసుపు, కర్పూరం.

"బావా, ఇదేటి?" అన్నాను.

"ఏది?" పేపరు దిగలేదు.

"నీ కాలికి ఉన్నాదే, ఇది."

"నాకేటి తెలుసు, కాలికి స్పర్శ లేదు కదేటి" అన్నాడు. అంత వేగంగా జవాబు వచ్చిందంటే ముందే తయారుచేసి పెట్టుకున్నాడన్నమాట.

అత్త చేటలోంచి తల ఎత్తకుండా, నిమ్మకు నీరెత్తినట్టు, "అమ్మోరి పసుపే. ఇసమేటి అది?" అంది.

ముందురోజు మంగళవారం. నేను బడికి వెళ్లాక, అత్త ఊరి అమ్మవారి గుడికి వెళ్లి, ఘటం దగ్గర పసుపూ కుంకుమా పొట్లం కట్టించుకుని వచ్చింది. నేను కట్టిన కట్టు కొస విప్పి, లోపలికి పసుపు కూరి, నేను కట్టినట్టే మళ్లీ కట్టేసింది. కొడుకు కాలు చాచి కూర్చుని చేయించుకున్నాడు. తల్లీ కొడుకూ కూడబలుక్కుని నా దగ్గర నోరు మెదపలేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. ఏమన్నానో అన్నీ రాయలేను గాని, దార్న పోయేవాళ్లు పరామర్శకి ఆగకుండా వేగంగా నడిచి వెళ్లిపోయిన మాట నిజం. చివరికి ఫోను తీసి డాక్టరు రాసింది పైకి చదివాను. "వేలు తియ్యాల్సి రావచ్చు" అన్న దగ్గర బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ముఖంలో వేళాకోళం లేదు. అత్త చేతిలో చేట ఆగిపోయింది.

"వేలు తీసేస్తానన్నాడేటి?" అంది. "మా తమ్ముడికీ ముందు ఏలే అన్నారు."

ఆవిడ తమ్ముడు మా నాన్న.

"ఆడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు అమ్మోరి పసుపు పట్టుకెల్తే, గుమ్మం కాడే ఆపేసినారు నన్ను. కొంగున కట్టుకున్న పొట్లం కట్టుకున్నట్టే తిరిగొచ్చేసినాను. అది ఆడి కాలికి ఎట్టుంటే ఆడు బతికుండునేమో అని ఇప్పటికీ అనిపిస్తాది నాకు. తమ్ముడికేటీ సెయ్యనేకపోనాను. నా కొడుకు కాడ కూడా సూస్తా కూకోమంటావేటే?"

నా కోపం పోయిందని చెప్పను. ఉంది. కాని అది ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. నాన్న పోయింది నాకే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అదే ఇంట్లో, అదే చేటలో పప్పు ఏరుకుంటూ, ఆవిడ కూడా అదే కాలు చూస్తోంది. నేను భయంతో కళ్లు తిప్పుకున్నాను. ఆవిడ భయంతో పసుపు కూరింది. ఇద్దరిదీ ఒకటే భయం.

"రా అత్తా, ఇలా కూకో" అన్నాను. "నాను కడుగుతాను. నువ్వు సూడు."

సెలైన్ పోశాను. పసుపు కారి పళ్లెంలోకి దిగింది. కింద నుంచి ఎర్రగా, లేతగా, కొత్త కండ బయటపడింది. అత్త ముఖం దగ్గరగా పెట్టి చూసింది. నేనూ చూశాను. నేను ఇన్నాళ్లూ చూడకుండా కట్టేసిన దాని కింద ఇది జరుగుతూనే ఉంది. ఆ రంగు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి ముందు ఫోటో తీశాను. ముందు తీసిన పసుపు ఫోటో, కడిగాక తీసినది, రెండూ కలిపి పంపి, జరిగింది రెండు ముక్కల్లో రాశాను.

ఈసారి డాక్టరు మాట్లాడి పంపాడు. ముగ్గురం వినేలా పెట్టాను. గొంతు సవరించుకోలేదు, ముందు నవ్వు వినిపించింది. "బాగుందమ్మా. మంచి కండ పడుతోంది. ఇలాగే ఉంటే వేలికి ఢోకా లేదు. పొడులు ఏవీ లోపల వెయ్యకండి, పుండు పాడవుతుంది, ఈసారికి అదృష్టం. ఆ పసుపు కూరలో వేసుకోమనండి పెద్దావిడని."

"కూరలో ఏసుకోడానికి అమ్మోరి పసుపేటి!" అని అత్త ఫోను మీద విరుచుకుపడింది. ఢోకా లేదన్న మాట మాత్రం మరోసారి పెట్టించుకుని విన్నది.

ఆ రోజు మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. కుడికాలు డాక్టరుది, ఎడంకాలు అమ్మవారిది. నేను కుడికాలికి కట్టు కడుతుంటే, అత్త ఎదురుగా కూర్చుని ఎడంకాలి బొటనవేలికి పసుపు రాసి బొట్టు పెట్టేది. బావ మధ్యలో పెళ్లికొడుకులా కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకి డాక్టరు అడిగాడు, ఫోటోలో ఒక మూల పచ్చగా కనిపిస్తోందే, ఆ కాలికి ఏమైందని. "దానికేమీ కాలేదండీ, అది మా అత్తగారి డిపార్ట్‌మెంటు" అని రాశాను.

ఆ తరువాత చెయ్యి వణకలేదంటే అబద్ధం. వణికిన రోజులున్నాయి. షుగరు దిగనని మొండికేసిన రోజులు, అంచు కదలకుండా నిలిచిపోయిన వారాలు ఉన్నాయి. బావ విసుగొచ్చి, "పీకిపారేస్తే పోనాది, రోజూ ఈ పేరంటమేటి" అన్న రోజులున్నాయి. అయినా పొద్దున్నే పీట, కుంచం, గుప్పెడు వడ్లు. చూస్తూ తీసేదాన్ని. చూస్తూ తీస్తే రోజు రోజుకీ తేడా తెలుస్తుంది. నిన్న గోరు దగ్గరున్న అంచు ఈ రోజు పోగంత లోపలికి జరిగిందని నాకు డాక్టరు కన్నా ముందే తెలిసిపోయేది. ఒకసారి అత్తకి ఫోను ఇచ్చి, మొదట్నించీ ఫోటోలు వరసగా జరిపి చూపించాను. ఆవిడ వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ, పుండు చిన్నదవుతూ చిన్నదవుతూ వస్తుంటే, బయోస్కోపు చూసినట్టు చూసింది. అయిపోయాక, "మల్లీ మొదట్నించీ ఎట్టు" అంది.

ఎండలు వెళ్లేసరికి పుండు మూసుకుంది. ఆ చోట మచ్చ మిగిలింది, కందిగింజంత. డాక్టరు ఇంక ఫోటోలు చాలన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు: జీవితంలో ఇంక వట్టి కాలితో నడవకూడదు. ఇంట్లో కూడా. పొలంలో అసలే.

మిగతావన్నీ ఒప్పుకున్న మా అత్త ఆ మాటకి మాత్రం ముఖం తిప్పుకుంది. నేను శ్రీకాకుళం వెళ్లి మోకాలి దాకా వచ్చే నల్లటి గమ్ బూట్లు కొనుక్కొచ్చి గుమ్మం పక్కన పెట్టాను. అవి అక్కడే ఉన్నాయి. పక్క నుంచి అందరం నడిచి వెళ్తున్నాం.

వానలు పడ్డాయి, ఆకుమడిలో నారు ఎదిగింది, ఉభాలు వచ్చాయి. మా వైపు వరినాట్లని ఉభాలంటారు. ఆ రోజు ఆదివారం, నాకు బడి లేదు. ఆడవాళ్లు అప్పటికే వరస కట్టి నాటు వేస్తున్నారు. తాటిచెట్టు దాకా బావని నేనే బండి మీద తీసుకెళ్లాను. ఇంటి దగ్గర నేను తొడిగిన బూట్లు కాళ్లకే ఉన్నాయి. గట్టు మొదట్లో నిలబడ్డాడు. నీళ్లు నిండిన మడి వంక చూశాడు, ఆకుకట్టల వంక చూశాడు. ఆ ఇంట్లో పుట్టిన మనిషి, ఆ చోట నిలబడి కాళ్లకున్నవి విప్పకుండా ఎప్పుడూ ముందుకి వెళ్లలేదు. చెయ్యి దానంతటదే వంగి బూటు మీదికి వెళ్లింది. వద్దంటే ఆయన భూమిని అవమానించమన్నట్టు, ఊరుకుంటే ఇన్నాళ్ల వేలు మళ్లీ బురదలో పెట్టినట్టు.

వెనకాల నుంచి అత్త గొంతు. అంబలి తపేలా చంకన పెట్టుకుని ఎప్పుడొచ్చిందో వచ్చింది.

"ఒరే! ఇప్పినావంటే కాళ్లిరగ్గొడతాను. ఏసుకునే దిగు."

బావ వెనక్కి తిరిగి చూశాడు. "అమ్మా, భూదేవి..." అన్నాడు.

"భూదేవికి నాను సెప్పుకుంటాను. నీ కాలు నీకుండాలని ఆ తల్లికి మాత్రం ఉండదేటి?" అని తపేలా నా చేతికిచ్చి, తన చెప్పులు తాటిచెట్టు కింద విడిచి, వంగి మట్టి ముట్టుకుని కొడుకు కళ్లకి అద్ది, తన కళ్లకి అద్దుకుంది. ఇద్దరి మొక్కూ ఆవిడే చెల్లించేసింది. నాటు వేస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తి చూస్తున్నారు.

బావ గట్టు దిగి మడిలో నిలబడ్డాడు. బురద బూట్ల చీలమండల దాకా వచ్చింది. ఒక ఆకుకట్ట విప్పి రెండు మొక్కలు నాటి, నడుం ఎత్తి నా వంక చూసి నవ్వాడు. అంతలో మబ్బు పక్కకి తొలగి మంచి వెలుగు వచ్చింది. తపేలా గట్టు మీద పెట్టేసి ఫోను తీశాను. అద్దం చెంగుతో తుడిచాను. మోచేతులు డొక్కలకి ఆన్చాను. తాటిచెట్టుకి వీపు ఆన్చాను. ఊపిరి సన్నంగా వదులుతూ మీట నొక్కాను.

"మొకం బాగా పడ్డాదేటి?" అని మడిలోంచి అరిచాడు బావ.

చూసుకున్నాను. నా చెయ్యి దాని అలవాటు ప్రకారం కిందికే వెళ్లింది. మోకాళ్ల పైన ఏమీ లేదు. నీళ్లు, బురద, అప్పుడే నాటిన రెండు పచ్చటి మొక్కలు, వాటి పక్కన నల్లటి బూట్లు. ఎక్కడా రవ్వంత మసక లేదు.

"మొకం పడలేదు బావా" అని అరిచాను. "రెండు కాళ్లూ పడ్డాయి."